అప్పడాలకు కూడా హలాల్ ధ్రువపత్రం కావాలా? బరంపురం నుంచి ఒక సందేహం

మేనకోడలు_బరంపురం అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా తాతగారు ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చి బరంపురంలో బడాబజారు దగ్గర స్థిరపడ్డారు. మా మేనత్త 20 ఏళ్లుగా ఇంటి వెనక షెడ్డులో అప్పడాలు, వడియాలు, మామిడి, నిమ్మ ఊరగాయలు తయారు చేయిస్తోంది. బరంపురం అప్పడానికి ఒడిశా అంతటా ఉన్న పేరు మీకు తెలిసిందే కాబట్టి, మా సరుకు ఇప్పటిదాకా భువనేశ్వర్, కటక్ దుకాణాలు దాటి వెళ్లకపోయినా అమ్మకాలకు లోటు రాలేదు. ఈమధ్య విశాఖపట్నంలో ఎగుమతి వ్యాపారం చేసే ఒకాయన సరుకు రుచి చూసి, మస్కట్‌లోనూ కౌలాలంపూర్‌లోనూ తాను సరఫరా చేసే భారతీయ దుకాణాలకు అప్పడాలు పంపుతానన్నాడు. ధర కుదిరింది, నమూనాలు వెళ్లాయి, చివరలో మాత్రం "హలాల్ సర్టిఫికెట్ ఉంటే పంపండి" అని ఒక్క వాక్యం రాశాడు.

మా మేనత్తకు ఆ వాక్యం బొత్తిగా అర్థం కాలేదు. మినపపిండిలో మాంసం ఎక్కడుందని ఆవిడ ప్రశ్న. ప్యాకెట్ మీద శాకాహారమని తెలిపే పచ్చచుక్క ఉండగా ఇంకో ముద్ర దేనికో నాకూ తెలియలేదు. ఇది ప్రభుత్వం ఇచ్చే కాగితమా, ప్రైవేటు సంస్థలు ఇచ్చేదా? చిన్న కార్ఖానా తట్టుకోగలిగిన వ్యవహారమేనా? ఒకవేళ తీసుకుంటే ఆ ముద్ర చూసి ఇక్కడి పాత ఖాతాదారులు ఏమైనా అనుకుంటారా? ఈ చివరి ప్రశ్న అడగడానికి కొంచెం మొహమాటంగా ఉంది కాని, ఇంట్లో ఎక్కువ చర్చ దాని మీదే జరుగుతోంది.

విశాఖరేవు ఇచ్చిన సమాధానం:

అమ్మా, నేను ఓడరేవు దగ్గర ఎగుమతి పత్రాల పనిలో చాలాకాలం ఉన్నవాణ్ణి కాబట్టి కాగితాల సంగతి వరకు చెబుతాను.

మన దేశంలో అమ్మే ఆహారానికి హలాల్ ధ్రువపత్రం తప్పనిసరి అని ఏ చట్టమూ చెప్పదు. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006 కింద ఏర్పడిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనే కేంద్ర సంస్థ లైసెన్సులిస్తుంది, లేబుల్ నియమాలు పెడుతుంది కాని హలాల్ ముద్ర వెయ్యదు. ఆ పని చేసేవి మత సంస్థల ట్రస్టులు, ప్రైవేటు కంపెనీలు. ఢిల్లీలోని జమియత్ ఉలమా ఎ హింద్ హలాల్ ట్రస్టు, చెన్నైలోని హలాల్ ఇండియా వంటివి వాటిలో బాగా వినిపించే పేర్లు. ప్రభుత్వం చెయ్యి పెట్టింది మాంసం ఎగుమతి విషయంలో. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ 2024 అక్టోబరులో అమల్లోకి తెచ్చిన నియమం ప్రకారం, సౌదీ అరేబియా, యూఏఈ, ఒమన్, మలేసియా, ఇండోనేసియా సహా 15 దేశాలకు మాంసాన్నీ మాంసపు ఉత్పత్తులనూ హలాల్ అని చెప్పి పంపాలంటే, క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూపొందించిన పథకం కింద గుర్తింపు పొందిన సంస్థ నుంచి ధ్రువపత్రం ఉండాలి. మీ అప్పడాలకూ ఈ నియమానికీ సంబంధం లేదు.

మరి మీ వర్తకుడు ఎందుకు అడిగాడంటే, అది కొనుగోలుదారు కోరిక కావచ్చు, వెళ్లే దేశపు నియమం కావచ్చు, లేదా అన్ని సరుకులకూ ఒకే జాబితా పంపే అలవాటు కావచ్చు. మూడోదే ఎక్కువసార్లు చూశాను. అందుకని సంస్థలను వెతకడానికి ముందు ఆయన్ను రెండు ప్రశ్నలడగండి: ఏ దేశపు దుకాణం అడుగుతోంది, అక్కడ ఏ సంస్థ పత్రం చెల్లుతుంది. మస్కట్, కౌలాలంపూర్ అని ఒకే వాక్యంలో రాశారు కాని ఈ విషయంలో ఆ రెండూ వేరు. మలేసియాలో బయటి నుంచి వచ్చే సరుకు మీద "హలాల్" అని రాయాలంటే, అక్కడి ఇస్లామిక్ వ్యవహారాల శాఖ జకీమ్ గుర్తించిన విదేశీ సంస్థ ధ్రువపత్రం ఉండాలి. ఆ సంస్థల జాబితాను జకీమే ప్రకటిస్తుంది. ఆ మాట రాయకుండా అమ్మే సరుకును అడ్డుకోరు కాని, పెద్ద దుకాణాలు అరల్లో పెట్టుకోవడానికి వెనకాడతాయి. ఇండోనేసియా మరో అడుగు ముందుకు వేసింది. 2014 నాటి 33వ చట్టం ద్వారా ఆహార పానీయాలకు హలాల్ ధ్రువీకరణను తప్పనిసరి చేసి, 2024 అక్టోబరు 17 నుంచి దశలవారీగా అమలు మొదలుపెట్టింది.

నా అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక చిన్న మసాలా పార్టీ, ఎవరో తక్కువ ఫీజుకు ఇస్తామంటే తీసుకున్న ధ్రువపత్రంతో సరుకు పంపింది. పత్రం అందంగా ఉంది, బంగారు రంగు ముద్ర కూడా ఉంది. అవతలి దుకాణం చూసి, ఈ సంస్థ మా దేశపు జాబితాలో లేదంటూ పెట్టెలన్నిటి మీదా హలాల్ గుర్తు కనిపించకుండా స్టిక్కర్లు అంటించమంది. అంటింపు కూలి, గోదాము అద్దె కలిపితే ఆ విడత లాభం పోయింది. సంస్థ పేరు చెప్పను, చెప్పినా ప్రయోజనం లేదు. పత్రం ఎవరిచ్చారన్నదాని కంటే ఎవరు ఒప్పుకుంటారన్నది ముందు చూసుకోవాలి.

ఇంకో సంగతి. ఎగుమతిదారు కోడ్, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కేంద్ర లైసెన్సు, ఎపెడా (వ్యవసాయ, ఆహార ఎగుమతులను చూసే కేంద్ర సంస్థ) నమోదు ఆ వర్తకుడి పేరు మీద ఉన్నాయో లేవో కనుక్కోండి. ఎపెడా పరిధిలోని సరుకుల పట్టికలో ఊరగాయలు, అప్పడాలు, పచ్చళ్లు ఉన్నాయి. అవి లేకుండా హలాల్ కాగితం ఒక్కటే చేతిలో ఉంటే పెళ్లికొడుకు లేని పెళ్లిపందిరి లాంటిదే.

జయపురం_ఆహారశాల ఇచ్చిన సమాధానం:

మినపపిండిలో మాంసం ఎక్కడుందన్న మేనత్తగారి ప్రశ్న సబబైనదే. నేను ఆహార పరిశ్రమలో నాణ్యత విభాగంలో పనిచేశాను కాబట్టి దానికి కొంచెం వివరంగా జవాబిస్తాను.

పచ్చచుక్క, హలాల్ ముద్ర ఒకే ప్రశ్నకు రెండు జవాబులు కావు, రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. జంతువు నుంచి వచ్చిన పదార్థం ఆహారంలో ఉందా లేదా అన్నదే పచ్చచుక్క చెబుతుంది, అందులోనూ పాలు, తేనె, తేనెమైనం, లక్క వంటి వాటికి మినహాయింపు ఉంది. మద్యం సంగతి అది పట్టించుకోదు. వెనీలా ఎసెన్సులో ద్రావకంగా వాడిన ఆల్కహాల్ ఉన్నా ఆ బిస్కట్టు పచ్చచుక్కతోనే వస్తుంది. హలాల్ పరిశీలనలో మొదటి ప్రశ్న పంది, రెండో ప్రశ్న మద్యం, మూడో ప్రశ్న జంతువును వధించిన పద్ధతి. అవి తేలాక, పదార్థంలో లేకపోయినా తయారీలో తగిలినవేమిటన్నది చూస్తారు. పరిశీలకుడికి ఎక్కువ పని పడేది ఇక్కడే.

2001లో ఇండోనేసియాలో జరిగింది దీనికి మంచి ఉదాహరణ. అజినొమొటో కంపెనీ అక్కడ అమ్మే రుచిపొడిని దుకాణాల నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఆ పొడిలో పంది అంశమేదీ లేదు. దాన్ని పులియబెట్టి తయారుచేసే సూక్ష్మజీవులను పెంచడానికి వాడిన పోషకద్రవ్యం తయారీలో పంది నుంచి తీసిన ఎంజైము వాడారు. సరుకుకు రెండు మెట్లు అవతల జరిగిన మార్పు అది. ఆనాటి దేశాధ్యక్షుడు ఆ పొడి తినదగినదేనని అన్నా, అక్కడి ఉలమా మండలి, అంటే ముస్లిం మతపండితుల సంఘం, ఒప్పుకోలేదు. ప్రయోగశాలలో తుది సరుకును పరీక్షించి తేల్చే వ్యవహారం కాదు కనుకనే పరిశీలకులు బిల్లులు, సరఫరాదారుల లేఖలు అడుగుతారు.

ఈ దృష్టితో మీ అప్పడాన్ని చూద్దాం. మినపపిండి, ఉప్పు, మిరియాలు, జీలకర్ర, అప్పడాల క్షారం, ఒత్తేటప్పుడు రాసే నూనె. వీటితో చిక్కు లేదు. అడగవలసింది ఇంగువ గురించి. మనం వాడేది ముడి ఇంగువ కాదు, జిగురు, మైదా లేదా పిండిపదార్థం కలిపిన కూటమి ఇంగువ. మైదాలో కొన్ని మిల్లులు ఎల్ సిస్టీన్ అనే పదార్థం కలుపుతాయి. లేబుళ్ల మీద ఐఎన్‌ఎస్ 920 అని ఉంటుంది, ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చే సంఖ్య అది. ఆ పదార్థం ఈకల నుంచో వెంట్రుకల నుంచో తీసింది కావచ్చు, పులియబెట్టి తీసిందీ కావచ్చు. ఇంగువ డబ్బా కంపెనీని అడిగితే లేఖ ఇస్తారు. ముడి ఇంగువ మనకు ఎక్కువగా అఫ్గానిస్తాన్, ఇరాన్ వంటి చోట్ల నుంచే వస్తుంది, అందువల్ల దాని మూలం గురించి పరిశీలకుడు పేచీ పెట్టే అవకాశం తక్కువ.

ఊరగాయలో వెనిగర్ గాని ఎసిటిక్ ఆమ్లం గాని వాడితే అది దేని నుంచి చేసిందో రాయించుకోండి. బెంజోయేట్ నిల్వపదార్థంతో ఇబ్బంది లేదు. రంగు వేసే అలవాటుంటే మానెయ్యండి, ఈ కాగితం కోసం కాదు, మంచిది కాబట్టి. ఎరుపుకు వాడే కార్మిన్, అంటే ఐఎన్‌ఎస్ 120, పురుగుల నుంచి తీసేది, దాన్ని పచ్చచుక్క కూడా ఒప్పుకోదు. తరువాతి మెట్టులో మీరు నమ్కీను, బిస్కట్లు మొదలుపెడితే ఐఎన్‌ఎస్ 471, 422 కూడా గుర్తు పెట్టుకోవాలి. అవి కొవ్వు నుంచి వచ్చే పదార్థాలు, నూనెగింజల నుంచి తీసినా జంతువుల కొవ్వు నుంచి తీసినా సంఖ్య అదే ఉంటుంది.

చివరగా సామగ్రి. పీటకు, పెనానికి నూనె రాయడానికి మీరు ఏ బ్రష్షు వాడుతున్నారు? సహజమైన వెంట్రుకల బ్రష్షుల్లో పంది వెంట్రుకలవి చాలా ఎక్కువ. సబ్బులలో, యంత్రాలకు రాసే గ్రీజులో జంతువుల కొవ్వు ఉందా అని కూడా అడుగుతారు, మీ షెడ్డులో యంత్రమంటూ ఉంటే.

మహేంద్రతనయ ఇచ్చిన సమాధానం:

నేను పర్లాకిమిడివాణ్ణి, ముస్లింను. మా ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఒడియా. మా అమ్మ బరంపురం వెళ్లినప్పుడల్లా అప్పడాలు కట్టలకు కట్టలు తెచ్చేది, ఏ రోజూ వాటి మీద ముద్ర వెతకలేదు. వెతకనవసరం లేదు కూడా. నిషేధమని స్పష్టంగా చెప్పినవి తప్ప మిగిలినవన్నీ అనుమతి ఉన్నవే అన్నది మా శాస్త్రంలో మూలసూత్రం. పొలంలో పండిన మినుముకు ఎవరూ అనుమతి పత్రం ఇవ్వనక్కర్లేదు.

మరి ఈ ముద్రలు ఎందుకు పుట్టాయి? వంట మన కళ్ల ముందు నుంచి ఫ్యాక్టరీలోకి పోయినందువల్ల. హలాల్‌కు (అనుమతించినది), హరాంకు (నిషేధించినది) మధ్య "ముష్తబహ్", అంటే సందేహాస్పదం, అనే ఒక వర్గం ఉంది. సందేహమున్న దాన్ని విడిచిపెట్టడం మేలని మాకు బోధ. వంటింట్లో ఆ వర్గం చాలా చిన్నది. సంఖ్యలతో నిండిన ప్యాకెట్ లేబుల్‌లో అది చాలా పెద్దది. ఉదాహరణకు జిలాటిన్ ఉంది. ఎముకలు, చర్మం నుంచి తీసి పూర్తిగా రూపం మారిపోయిన పదార్థం గనక దోషం పోతుందా అన్న దాని మీద పండితుల్లోనే ఏకాభిప్రాయం లేదు. ద్రాక్షసారాయి పులిసి తనంతట తాను వెనిగర్ అయితే తినవచ్చని మాత్రం అందరూ ఒప్పుకుంటారు. మందుల క్యాప్సూళ్ల దగ్గర నుంచి లిప్‌స్టిక్‌ల దాకా ధ్రువీకరణ పాకడానికి కారణం ఈ కొవ్వులు, జిలాటిన్, ఆల్కహాల్ వాటిలో కూడా ఉండటమే. ఏమీ సందేహం లేని సరుకుల మీద కూడా ముద్ర వేసి డబ్బు తీసుకునే ధోరణి నాకు వ్యక్తిగతంగా నచ్చదు. మాలో అలా అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు.

మీరు అడగలేదు కాని, బరంపురంలో ఊరగాయలంటే రొయ్యల పచ్చడి మాట కూడా వస్తుంది. చేపలకు జబహ్, అంటే మత పద్ధతిలో వధించడం, అక్కర్లేదు, అందులో అందరిదీ ఒకే మాట. మా ధర్మశాస్త్రంలో హనఫీ, షాఫియీ అని వేర్వేరు సంప్రదాయాలున్నాయి. రొయ్యల దగ్గర హనఫీ పండితుల్లో కొంత చర్చ ఉంది, షాఫియీలు సందేహం లేకుండా తింటారు. మలేసియా, ఇండోనేసియాల్లో ఉన్నది ఎక్కువగా షాఫియీలే. కాబట్టి రొయ్యల పచ్చడి మీద పచ్చచుక్క ఉండదు కాని హలాల్ అవుతుంది, వెనీలా ఎసెన్సు బిస్కట్టు దీనికి సరిగ్గా తిరగేసిన సంగతి. కోడిమాంసం పచ్చడి జోలికి మాత్రం ఈ దశలో పోకండి. అక్కడ వధశాల నుంచి లెక్క మొదలవుతుంది, ఆ వ్యవహారం మీ షెడ్డు చేతుల్లో ఉండదు.

గుణుపురం_కొట్టు రాసినది:

పైవారందరూ పద్ధతి గురించే చెప్పారు, అసలు అభ్యంతరం ఎవరూ చెప్పలేదు. మన ఇంట్లో చేసిన అప్పడానికి ఇంకో మతం వాళ్ల సంస్థకు మనం ఫీజు ఎందుకు కట్టాలి? ఆ ఖర్చు చివరికి ఆ ముద్ర అక్కర్లేని కొనుగోలుదారు మీద కూడా పడుతుంది కదా. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 2023 నవంబరులో ఈ ముద్రను నిషేధించింది ఊరికేనా? పైగా ఇక్కడి మార్వాడీ, ఒడియా ఖాతాదారులు ప్యాకెట్ మీద ఆ గుర్తు చూస్తే పది మాటలు అంటారు. నా కొట్లో విన్నాను కాబట్టి చెబుతున్నాను.

విశాఖరేవు మళ్లీ రాసినది:

కొట్టువారు అడిగింది తీసిపారెయ్యదగ్గ ప్రశ్న కాదు. అయితే ఉత్తరప్రదేశ్ ఉత్తర్వు గురించి రెండు మాటలు చేర్చాలి. అది ఆ రాష్ట్రంలో హలాల్ ముద్రతో తయారీ, నిల్వ, అమ్మకాలను నిషేధించింది కాని, ఎగుమతికి తయారయ్యే సరుకును స్వయంగా మినహాయించింది. అంటే ఆ ఉత్తర్వు రాసినవారు కూడా బయటి దేశపు కొనుగోలుదారు కోరికను కాదనలేదు. దాన్ని సవాలు చేస్తూ ధ్రువీకరణ సంస్థలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 2025 జనవరిలో ఆ విచారణలోనే ప్రభుత్వ న్యాయవాది సిమెంటుకు, ఇనుప చువ్వలకు కూడా ఈ ముద్ర వేస్తున్నారని ఆశ్చర్యం వ్యక్తం చేశారు. చువ్వ మీద ముద్ర నాకూ వింతగానే ఉంది.

ఫీజు సంగతికి వస్తే, దరఖాస్తు రుసుము, పరిశీలకుడు వచ్చి వెళ్లే ఖర్చు, సరుకుల సంఖ్యను బట్టి మరికొంత, ఇవి మామూలుగా ఏడాదికోసారి. అందుకే నేను అమ్మాయికి చెప్పేది ఇది. ఊరగాయలు, వడియాలు అన్నీ కలిపి దరఖాస్తు పెట్టవద్దు, వెళ్లే అప్పడం ఒక్కటే పెట్టండి. ఆ గుర్తును అసలు కవరు మీద అచ్చు వేయించకుండా ఎగుమతి పెట్టెలకు మాత్రమే స్టిక్కరుగా వాడుకునే అనుమతి అడగండి. బరంపురం కొట్లో అమ్మే ప్యాకెట్టు ఇప్పుడున్నట్టే ఉంటుంది, దాని ధరలో ఈ ఖర్చు కలవదు, కొట్టువారి ఖాతాదారులకు మాట్లాడుకోవడానికి వేరే విషయం వెతుక్కోవలసి వస్తుంది.

మేనకోడలు_బరంపురం మళ్లీ రాసినది:

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే ఆ వర్తకుడికి రెండు ప్రశ్నలూ రాశాను. మస్కట్ దుకాణానికి ధ్రువపత్రం అక్కర్లేదట, పదార్థాల పట్టిక, పచ్చచుక్క, లైసెన్సు నంబరు చాలన్నారు. కౌలాలంపూర్ దుకాణానికి మాత్రం జకీమ్ జాబితాలోని సంస్థ పత్రమే కావాలట, కాని వాళ్ల ఆర్డరు మొదటి విడతలో పాతిక పెట్టెలకు మించదు. ఆ లెక్కన ఈ ఏడాది మస్కట్‌కు పంపి, కౌలాలంపూర్ వాళ్ల నుంచి పెద్ద ఆర్డరు మాట వచ్చాకే దరఖాస్తు పెట్టాలని ఇంట్లో నిర్ణయించుకున్నాం. రొయ్యల పచ్చడి మాట వినగానే మా మేనత్త కళ్లు మెరిశాయి కాని, పచ్చచుక్క షెడ్డులోకి రొయ్యలు రానివ్వనని మా బాబాయి అడ్డుపడ్డాడు.

ఇంగువ కంపెనీకి ఉత్తరం రాశాం, జవాబు ఇంకా రాలేదు. జయపురం వారు అడిగిన బ్రష్షు సంగతి చూడటానికి నిన్న షెడ్డులోకి వెళ్లాను. పెనాలకు నూనె రాసేది రంగుల కొట్లో కొన్న వెడల్పాటి బ్రష్షు, దాని పిడి మీద "ప్యూర్ బ్రిసిల్" అని అచ్చు వేసి ఉంది. దాని అర్థం ఏమిటని మేనత్త అడిగితే పంది వెంట్రుకలని చెప్పాను. ఆవిడ శుక్రవారం ఉపవాసముండి, వెల్లుల్లి కూడా ముట్టని మనిషి. కాసేపు ఏమీ మాట్లాడకుండా ఆ బ్రష్షును తీసుకెళ్లి వెల్లవేసే సున్నం డబ్బాలో పడేసి వచ్చి, ఉతికిన మల్లుగుడ్డ చింపి పుల్లకు చుట్టి ఇచ్చింది.